సరాయెవో: అమానతును కాపాడుకున్న నగరం

తెల్లవారుజామున అయిదున్నర దాటింది. కిటికీ అద్దానికి పట్టిన ఆవిరిని తుడిచి చూస్తే, కొండ దిగువన మంచు కప్పుకున్న పెంకుటిళ్లు, వాటి నడుమ వీధిదీపాలు కనిపించాయి. ముందుగా దగ్గరలోని ఒక మస్జిద్ నుంచి, ఆ వెంటనే దిగువ వీధి నుంచి, ఆపైన నది అవతలి కొండ మీది నుంచి ఫజ్ర్ అజాన్ వినిపించసాగింది. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గర మూడు వారాలుగా ఉంటున్న మాకు ఆ పిలుపు చెవిన పడి చాలా రోజులయింది. అక్కడ నమాజు వేళను ఫోను చూసి తెలుసుకోవలసిందే. ఇక్కడ కొండలే పిలుస్తున్నట్లుంది. కొద్దిసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత ఒకరి వెంట ఒకరము వుజూకు లేచాము.

అది డిసెంబరు ఆఖరి వారం. మేము బోస్నియా హెర్జెగోవినా రాజధాని సరాయెవోలో ఉన్నాము. మిల్యాట్స్కా అనే చిన్న నదికి ఇరువైపులా, కొండల మధ్య ఇరుకైన లోయలో విస్తరించిన నగరమిది. 15వ శతాబ్దంలో ఉస్మానియా పాలకుల ప్రతినిధి ఈసా బేగ్ ఇక్కడ మస్జిద్, వంతెన, సత్రం, బజారు నిర్మింపజేసి వాటి పోషణకు ఆస్తులను వక్ఫ్ చేశాడు. 1462 నాటి ఆ వక్ఫ్ పత్రాన్నే నగర జన్మపత్రంగా భావిస్తారు. స్థానిక ముస్లింలు బయటి నుంచి వచ్చి స్థిరపడినవారు కారు. వారి భాష, రూపురేఖలు ఇరుగుపొరుగు స్లావ్ జాతులవే. మన దేశంలోని అత్యధికుల మాదిరిగా వారూ హనఫీలే.

ఒక్క రోజులో ఎంత చూడగలమో అంతే చూడాలని నిర్ణయించుకున్నాము. శీతకాలంలో ఇక్కడి పగలు చాలా చిన్నది. ఉదయం ఏడుంబావు దాటాక వచ్చే సూర్యుడు సాయంత్రం నాలుగుంబావుకే వెళ్లిపోతాడు.

దుకాణం, జేబు, సందూకు

కొండ వాలులో జారుతూ, ఒకరి చేయి ఒకరం పట్టుకొని బాష్చార్షియా అనే పాత బజారుకు దిగాము. కూడలిలో చెక్క జాలీలతో, ఆకుపచ్చని గుమ్మటంతో ఒక నీటి మండపం ఉంది. దాని పేరు 'సెబీల్'. ముహర్రం రోజుల్లో హైదరాబాదు వీధుల్లో బాటసారులకు మంచినీళ్లు, షర్బతు పోసే 'సబీల్' గుర్తుకు వచ్చింది. మాట ఒకటే, ఉద్దేశమూ ఒకటే. మొదటి మండపాన్ని 1753లో ఒక ఉస్మానియా గవర్నరు కట్టించాడు. ఇప్పుడున్నది 1891 నాటిది. చుట్టూ మంచులో వందలాది పావురాలు గింజలు ఏరుకుంటున్నాయి.

బేకరీలో పొయ్యి మీది నుంచి దించిన బూరెక్ తిన్నాము. పలుచని పిండి పొరల్లో మాంసం పెట్టి, పాములా చుట్టి కాల్చే వంటకమిది. మాంసం ఉంటేనే దాన్ని బూరెక్ అంటారట. జున్ను, పాలకూర, బంగాళాదుంప పెట్టిన వాటికి వేరే పేర్లున్నాయి.

కంసాలి వీధిలో సుత్తి దెబ్బల చప్పుడు వినిపించింది. రాగి కాఫీ పాత్రలకు నగిషీ చెక్కుతున్న ఒక పెద్దాయన మమ్మల్ని లోపలికి పిలిచి చలి కాచుకోమన్నాడు. ఆయనకు ఇంగ్లీషు కొంచెమే వచ్చు, మాకు బోస్నియా భాష అసలే రాదు. అయినా సంభాషణ సాగింది. ఆయన తన కొట్టును చూపి 'దుచాన్' అన్నాడు. మేము 'దుకాణం' అన్నాము. ఆయన తన కోటు జేబు తట్టి 'జెప్' అన్నాడు. మేము 'జేబు' అన్నాము. మూలన ఉన్న చెక్కపెట్టెను మేము చూపితే 'సందుక్' అన్నాడు. మా ఇంట తాతగారి పెట్టెను మేము పిలిచేదీ 'సందూకు' అనే. సబ్బు వారికి 'సపున్', ప్రార్థన వారికి కూడా 'నమాజ్'. అరబ్బీ, ఫార్సీ మాటలు ఒక వైపు దక్కనుకూ మరో వైపు బాల్కన్ కొండలకూ ప్రయాణించి, ఇన్ని వందల ఏళ్ల తరువాత ఆ చిన్న కొట్టులో ఎదురెదురు పడ్డాయి.

ఆయన అమ్మే వస్తువుల్లో ఫిరంగి గుళ్ల తొడుగులతో చేసిన పూలకుండీలు, కలాలు కూడా ఉన్నాయి. వాటి మీద పువ్వులు, తీగలు చెక్కి ఉన్నాయి. ఇవెక్కడివని అడిగితే కిటికీలోంచి కొండల వైపు చేయి చూపాడు.

కాలిపోయిన గ్రంథాలయం

ఆ చేయి చూపిన సంగతి నది ఒడ్డుకు వెళ్లాక అర్థమయింది. అక్కడ పసుపు, ఎరుపు చారలతో, గుర్రపు నాడా ఆకారపు కమానులతో ఒక గొప్ప భవనం ఉంది. పేరు వియెచ్నిట్సా. 1878లో బోస్నియా ఆస్ట్రియా పాలకుల చేతికి వెళ్లాక, స్పెయిన్ ముస్లిం కట్టడాల శైలిని అనుకరిస్తూ దీన్ని నగర సభా భవనంగా నిర్మించారు. 1896లో ప్రారంభమయింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జాతీయ గ్రంథాలయమయింది.

1992 ఏప్రిల్‌లో యుద్ధం మొదలయింది. చుట్టుకొండల మీద మోహరించిన బోస్నియా సెర్బ్ సేనలు నగరాన్ని ముట్టడించాయి. ఆగస్టు 25 రాత్రి ఈ భవనం మీద నిప్పు రాజేసే గుళ్లు కురిశాయి. గ్రంథాలయ సిబ్బంది, పౌరులు తుపాకి కాల్పుల మధ్య వరుసగా నిలబడి చేతి నుంచి చేతికి పుస్తకాలు అందించుకున్నారు. అయిదా బుతురోవిచ్ అనే యువ గ్రంథపాలకురాలు ఆ సమయంలోనే ప్రాణాలు కోల్పోయింది. దాదాపు 15 లక్షల గ్రంథాలున్న భాండాగారంలో అత్యధిక భాగం బూడిదయింది. కాలిన కాగితాల మసి రోజుల తరబడి ఇళ్ల కప్పుల మీద రాలుతూనే ఉన్నది. అంతకు మూడు నెలల ముందే, మే 17న, ఇదే నగరంలోని ప్రాచ్య విద్యా సంస్థను తగలబెట్టారు. అక్కడ అరబ్బీ, ఫార్సీ, తుర్కీ భాషల్లోని అయిదు వేలకు పైగా వ్రాతప్రతులు నాశనమయ్యాయి.

వియెచ్నిట్సాను తిరిగి నిర్మించి 2014 మే నెలలో తెరిచారు. రంగుటద్దాల పైకప్పు కింద నిలబడి చూస్తే అంతా కొత్తగా, అందంగా ఉంది. కానీ పుస్తకాలు లేవు. భవనాన్ని మళ్లీ కట్టవచ్చు. చేతివ్రాతతో ఉన్న ఒకే ఒక్క ప్రతి కాలిపోతే దాన్ని ఎవరు తిరిగి వ్రాయగలరు?

నది వెంట కొద్ది నిమిషాలు నడిస్తే లాటిన్ వంతెన వస్తుంది. 1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజు ఫెర్డినాండ్‌ను, ఆయన భార్య సోఫీని ఈ వంతెన పక్కనే కాల్చి చంపారు. మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసిన సంఘటన అది. చరిత్ర పాఠంలో చదివిన చోటు ఇంత చిన్న వీధి మలుపా అని మా అబ్బాయి ఆశ్చర్యపోయాడు.

ఏడున్నరకు జుహ్ర్

పన్నెండు కాకముందే జుహ్ర్ వేళయింది. గాజీ ఖుస్రవ్ బేగ్ మస్జిద్ వైపు నడిచాము. పక్కనే రాతి గడియార స్తంభం ఉంది. మా చేతి గడియారంలో పావు తక్కువ పన్నెండు. స్తంభం మీది ముళ్లు మాత్రం ఏడున్నర చూపుతున్నాయి. ఆగిపోయిందేమో అనుకున్నాము. ఆగిపోలేదు. ఆ గడియారం సూర్యాస్తమయానికి పన్నెండు చూపుతుంది. ఇస్లామీయ రోజు మగ్రిబ్‌తో మొదలవుతుంది కదా, ఆ లెక్క ప్రకారమే నడుస్తుంది. సూర్యాస్తమయ వేళ మారుతూ ఉంటుంది కనుక ఒక వ్యక్తి మెట్లెక్కి వెళ్లి ముళ్లు సరిచేస్తూ ఉంటారు.

మస్జిద్ 1530 ప్రాంతంలో పూర్తయింది. అంటే మన చార్మినార్ కంటే ఆరు దశాబ్దాలు పెద్దది. ఆవరణలో చెక్క కప్పు గల నీటి మండపం, మంచు బరువుకు వంగిన చెట్లు, ఒక పక్కన నిర్మాత సమాధి. లోపల తివాచీల వెచ్చదనం. మాలోని ఆడవారు తమకు కేటాయించిన చోట స్థానిక సోదరీమణులతో కలిసి నమాజు చేశారు. పక్కన నిలబడిన ఒక పెద్దావిడ నమాజు ముగిశాక చేతులు పట్టుకొని ఏమో అడిగింది. 'హిందుస్తాన్' అని చెబితే కళ్లు పెద్దవి చేసి, సంచిలోంచి రెండు మిఠాయి ముక్కలు తీసి చేతిలో పెట్టింది.

1521 నుంచి 1541లో మరణించే వరకు, మధ్యలో కొద్ది విరామాలతో, బోస్నియాను పాలించిన గాజీ ఖుస్రవ్ బేగ్ తన సంపదను వక్ఫ్ చేశాడు. మస్జిద్, మదరసా, బాటసారులకు వసతి, పేదలకు అన్నం పెట్టే వంటశాల, వాటి ఖర్చుకు బజారులో అద్దె దుకాణాలు నిర్మింపజేశాడు. 1537లో నెలకొన్న మదరసా నేటికీ నడుస్తోంది. ఆ మదరసా వక్ఫ్ పత్రంలో ఒక షరతు ఉంది. నిర్మాణం ముగిశాక సొమ్ము మిగిలితే దానితో మంచి గ్రంథాలు కొనాలని, చదువుకునేవారు వాటిని చదువుకోవాలని, ప్రతులు తీసుకునేవారు తీసుకోవాలని అందులో వ్రాయించాడు. ఆ మిగులు సొమ్ముతో మొదలయినదే గాజీ ఖుస్రవ్ బేగ్ గ్రంథాలయం.

అరటిపండ్ల పెట్టెల్లో

మదరసాకు ఆనుకొని గ్రంథాలయపు కొత్త భవనం ఉంది. 2014లో ఖతర్ సహాయంతో పూర్తయింది. ఇక్కడ దాదాపు పది వేల వ్రాతప్రతులున్నాయి. వాటిలో అత్యంత ప్రాచీనమైనది ఇమామ్ గజాలీ రచన 'ఇహ్యాఉ ఉలూమిద్దీన్'లోని ఒక సంపుటం. 1106 ప్రాంతంలో, అంటే ఆ మహనీయుడు జీవించి ఉండగానే, వ్రాసిన ప్రతి అది.

నగరంలోని రెండు గొప్ప భాండాగారాలు బూడిదయితే ఇది ఎలా మిగిలింది? ముట్టడి మొదలయినప్పుడు గ్రంథాలయ సంచాలకుడు ముస్తఫా యాహిచ్, కొద్దిమంది సిబ్బంది ఈ గ్రంథాలను అట్టపెట్టెల్లో సర్దారు. బజారులో అరటిపండ్లు వచ్చే పెట్టెలవి. శత్రువు గురిపెట్టే చోటు తెలియకుండా వాటిని ఒక చోటి నుంచి మరో చోటికి పదే పదే మార్చారు. వాహనాలకు ఇంధనం లేదు. పెట్టెలను చేతులతో మోశారు. దాటవలసిన వీధుల్లో కొండల మీది తుపాకులు మనుషుల కోసం కాచుకొని ఉండేవి. ఆ మోసినవారిలో గ్రంథాలయపు రాత్రి కాపలాదారు కూడా ఉన్నాడు. ఆయన ఆఫ్రికాలోని కాంగో దేశం నుంచి వచ్చినవాడు. తనది కాని దేశంలో, తాను చదవని పుస్తకాల కోసం ప్రాణాన్ని పణంగా పెట్టాడు. ముట్టడి కొనసాగుతూ ఉండగానే సిబ్బంది గ్రంథాలను మైక్రోఫిల్ముగా తీయసాగారు. ఒకవేళ కాగితం కాలినా అక్షరం మిగలాలని వారి ఆశ.

అద్దాల అర ముందు నిలబడి ఈ సంగతులు తెలుసుకుంటున్నప్పుడు మాకు మా ఇల్లు గుర్తుకు వచ్చింది. వచ్చి, తల దించుకునేలా చేసింది.

ఎనిమిదేళ్ల క్రితం పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకున్నాము. అటక మీది నుంచి తాతగారి సందూకు దిగింది. నిండా ఉర్దూ, ఫార్సీ పుస్తకాలు, చేతివ్రాత నోటు పుస్తకాలు. కొన్నింటి అంచులు చెదలు తిన్నాయి. మాలో ఎవరికీ ఆ లిపి ధారాళంగా రాదు. ఖుర్ఆన్ ప్రతులను మాత్రం కళ్లకద్దుకొని వేరుగా తీసి పెట్టాము. తక్కిన వాటిని పాత కాగితాలు కొనేవాడు తూకం వేసుకొని వెళ్లాడు. ఎంత వచ్చిందో కూడా ఇప్పుడు గుర్తులేదు. సందూకుకు రంగు వేయించి హాల్లో అలంకారంగా పెట్టుకున్నాము.

మా ఇంటి మీద ఫిరంగి గుండు పడలేదు. ఏ శత్రువూ కొండెక్కి గురిపెట్టలేదు. తాతగారు మా చేతిలో పెట్టిపోయిన అమానతును మేమే తూకానికి అమ్ముకున్నాము.

పొరుగువారి అమానతు

గ్రంథాలయం నుంచి నాలుగడుగులు వేస్తే 1581 నాటి యూదుల పాత ప్రార్థనాలయం. స్పెయిన్‌లో ముస్లిం పాలన అంతరించిన 1492లోనే అక్కడి యూదులను కూడా వెళ్లగొట్టారు. వారిలో అనేకులు ఉస్మానియా రాజ్యంలో తలదాచుకున్నారు. కొందరి సంతతి సరాయెవో చేరింది. మరికొంత దూరంలో ఆర్థడాక్స్ చర్చి, కాథలిక్ చర్చి. ఈ నాలుగు మతాల ప్రార్థనాలయాలనూ పది నిమిషాల నడకలో చూడవచ్చు.

ఇక్కడి జాతీయ మ్యూజియంలో 'హగ్గదా' అనే యూదుల ధార్మిక గ్రంథం ఉంది. 1350 ప్రాంతంలో స్పెయిన్‌లో బంగారు వర్ణాలతో వ్రాసినది. 1942లో నాజీ సేనాధికారి ఒకరు దాని కోసం మ్యూజియంకు వచ్చినప్పుడు గ్రంథపాలకుడు దెర్విష్ కోర్కుత్ దాన్ని రహస్యంగా బయటికి తరలించాడు. ఆయన ఆలిముల కుటుంబానికి చెందిన ముస్లిం. ఆ గ్రంథాన్ని ఒక కొండపల్లె మస్జిద్‌లో దాచారని చెబుతారు. ఆయన, ఆయన భార్య సర్వత్ ఒక యూదు యువతికి ముస్లిం పిల్లగా పరిచయం చేసి తమ ఇంట ఆశ్రయమిచ్చారు. అర్ధ శతాబ్దం గడిచాక, 1999లో, వారి కుమార్తె కొసోవో యుద్ధంలో నిరాశ్రయురాలయినప్పుడు ఆమెను ఆదుకున్నది యూదులే. అమానతుకు మతం అడ్డురాదని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఈ మాట మరో వైపు నుంచీ నిజమే. ముట్టడి కాలంలో నగరాన్ని కాపాడిన సేనలో జోవన్ దివ్యాక్ అనే సెర్బు సేనాని ఉన్నాడు. కొండల మీద ఉన్నది తన జాతివారే అయినా, తన ఊరి ప్రజల పక్షాన నిలిచాడు. యుద్ధం తరువాత అనాథ పిల్లల చదువు కోసం సంస్థను నడిపాడు. 2021లో మరణించాడు. దౌర్జన్యాన్ని దౌర్జన్యమని చెప్పాలి, కానీ దాన్ని ఒక జాతి మొత్తానికి అంటగట్టరాదు. ఈ నగరం మాకు ఆ పాఠం కూడా నేర్పింది.

మార్కాలే బజారులో ఆపిల్ పండ్లు కొన్నాము. 1994 ఫిబ్రవరి 5న ఇదే చోట ఒకే ఒక్క గుండుకు 68 మంది బలయ్యారు. మరుసటి ఏడు ఆగస్టులో మరో 43 మంది. వెనుక గోడ మీద వారి పేర్లున్నాయి. ఆ గోడ ముందే ఒక తల్లి పిల్లవాడికి టోపీ సవరిస్తోంది. నగరంలో కొన్నిచోట్ల నేల మీద గుళ్లు పడిన గుంటలను ఎర్రని జిగురుతో నింపారు. వాటిని 'సరాయెవో గులాబీలు' అంటారు. మంచు కింద ఎక్కడున్నాయో తెలియక ఆచితూచి అడుగులు వేశాము.

తెల్లరాళ్ల కొండ

అస్ర్ తరువాత మళ్లీ కొండెక్కాము. మేము బస చేసిన ఇంటికి దగ్గరలోనే కోవాచి షహీదుల శ్మశానం. మంచు తెలుపులో తెల్లని సమాధి రాళ్లు వరుసలు వరుసలుగా. దేశపు తొలి అధ్యక్షుడు, రచయిత అలీయా ఇజ్జెత్ బెగోవిచ్ సమాధి కూడా ఇక్కడే ఉంది. రాళ్ల మీద పుట్టిన ఏడు వేర్వేరుగా ఉన్నా, పోయిన ఏడు చాలా వాటిమీద ఒక్కటే. ఫాతిహా చదివాము.

1,425 రోజుల ముట్టడి మొదలయి ఇరవై ఏళ్లయిన సందర్భంగా 2012 ఏప్రిల్ 6న నగర ప్రధాన వీధిలో 11,541 ఎర్ర కుర్చీలు ఖాళీగా వేశారు. చనిపోయిన ఒక్కొక్కరికి ఒక్కొక్క కుర్చీ. వాటిలో 643 చిన్నవి. అవి పిల్లలవి. దారినపోయేవారు ఆ చిన్న కుర్చీల మీద బొమ్మలు, పువ్వులు పెట్టి వెళ్లారట.

శ్మశానానికి పైన 'పసుపు బురుజు' అనే పాత కోట గోడ ఉంది. రమజాన్‌లో ఇఫ్తార్ వేళకు ఇక్కడి నుంచి ఫిరంగి పేలుస్తారు. మేము చేరేసరికి సూర్యుడు కొండ వెనక్కి దిగుతున్నాడు. లోయలో పొయ్యిల పొగ, పొగమంచు కలిసి పొరలా పరుచుకున్నాయి. చలికాలంలో ఈ పొగ ఇక్కడివారికి పెద్ద బాధ. నాలుగుంబావుకు దిగువన ఒక మినారు వెలిగింది. తరువాత మరొకటి, మరొకటి. మగ్రిబ్ అజాన్ లోయ నిండా వ్యాపించింది. గడియార స్తంభం ఇప్పుడు పన్నెండు చూపుతూ ఉంటుంది. ఆ నగరంలో మరుసటి రోజు అప్పుడే మొదలయింది.

తిరిగి వచ్చాక

ఇంటికి చేరిన తరువాత మేము చేసిన మొదటి పని, తాతగారి చెల్లెలి ఇంటికి వెళ్లడం. ఆమె వద్ద తాతగారి చేతివ్రాత నోటు పుస్తకం ఒక్కటి మిగిలింది. ఉర్దూ తెలిసిన హాఫిజ్ గారి చేత చదివించుకున్నాము. ధాన్యం లెక్కలు, ఎవరికి ఎంత అప్పుపడ్డామన్న వివరాలు, జకాతు ఇచ్చిన వారి పేర్లు, మధ్యలో మా కుటుంబంలో పుట్టిన, పోయిన వారి తేదీలు. మా నాన్నగారు పుట్టిన రాత్రి వాన కురిసిందని కూడా వ్రాసుకున్నారు. ప్రతి పుటకూ ఫోటో తీసి పిల్లలందరికీ పంపాము. నోటు పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, వేపాకు వేసి, ఎవరిదో ఏమిటో తెలుగులో వ్రాసిన చీటీతో సహా ఆ సందూకులోనే పెట్టాము.

తక్కినవి ఇక రావు. ఈ మాట వ్రాయడం మాకు సులువుగా లేదు. కానీ ఈ పుట చదువుతున్న ఇళ్లలో ఎన్నో అటకలున్నాయి, వాటి మీద ఎన్నో సందూకులున్నాయి. మీకు ఆ లిపి రాకపోవచ్చు. ఊళ్లో చదవగలిగిన పెద్దలు ఒకరిద్దరైనా ఇంకా ఉన్నారు. తూకపు రాయి తెప్పించే ముందు వారిని ఒక్కసారి ఇంటికి పిలవండి. మనకు అక్కరలేదనుకుంటే, కావలసినవారికి, మదరసాకో గ్రంథాలయానికో చేర్చండి.

అయిదు శతాబ్దాల క్రితం ఒకరు మిగిలిన సొమ్ముతో పుస్తకాలు కొనమని వ్రాసిపోయారు. ఆయన ముఖం ఎరుగనివారు వాటిని తుపాకుల మధ్య నుంచి మోసుకుపోయారు. మన చేతికి అందిన అమానతులను కాపాడి, ముందుతరానికి అప్పగించే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.